రెండంగుళాల తేడా

"పొరపాటేం కాదు, నేనే కావాలని తెప్పించాను" అని రాత్రి కోడలు అన్న మాట తెల్లారాక కూడా ఆ ఇంట్లో చల్లారలేదు.

భోజనాల బల్ల మీద నాలుగు నల్లటి స్ప్రింగులు నిలబడి ఉన్నాయి. వాటి సందుల్లో అత్తగారు కాఫీ గ్లాసులు ఇరికించి పెట్టారు.

"ఇది అన్నం తినే బల్లా, ఇనప సామాన్ల కొట్టా? ఎప్పుడు తీస్తారు వీటిని?"

"నన్నెందుకు అడుగుతావమ్మా? తెప్పించిన మనిషిని అడుగు," అన్నాడు కొడుకు.

తెప్పించిన మనిషి కాఫీని చెంచాతో తిప్పుతూనే ఉంది. అందులో చక్కెర వెయ్యనేలేదని ఆమెకి ఇంకా తట్టలేదు.

కొడుకు లెక్కల మాస్టారు. జవాబు తెలిసీ నోరు విప్పని పిల్లల్ని చూస్తే అతనికి ఒళ్లు మండుతుంది. కట్టుకున్న పెళ్లామే అలా కూర్చుంటే ఇంక చెప్పేదేముంది!

"సరే, నేనే చెప్తా విను. నాన్న కారు స్ప్రింగులు ముసలివై కుంగిపోయాయి. ఎలాగూ మార్చాలి కదా, ఇప్పుడున్న ఎత్తుకంటే ఇంకో రెండంగుళాలు దించే పొట్టి స్ప్రింగులు, వాటికి తగ్గ షాకబ్జార్బర్లు తెప్పించమని ఈవిడకి నెల కిందటే చెప్పాను. వచ్చినవేమో ఇవి. మామూలు ఎత్తువి. వీటిని బిగిస్తే కారు దిగడం మాట దేవుడెరుగు, ఇప్పటికంటే పైకి లేస్తుంది."

"లేస్తే మంచిదేగా. రోడ్లన్నీ గతుకులే..."

"అమ్మా, ప్లీజ్!"

అత్తగారు మూతి ముడుచుకుని వంటింట్లోకి వెళ్లబోయి, గుమ్మంలో ఆగిపోయారు. గొడవ వినకుండా వెళ్లిపోయేంత వైరాగ్యం ఆవిడకింకా రాలేదు.

పెద్దాయన బల్ల చివర, తన ఎత్తు కుర్చీలో కూర్చుని ఉన్నారు. నిరుడు మెట్ల మీద జారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక, ఎత్తు తక్కువ వాటి మీద కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచి ఆయనకి ఆ ఇంట్లో ఈ కుర్చీ, తన మంచం, రెండే చోట్లు.

"నువ్వైనా చెప్పు నాన్నా. షెడ్డు గోడ మీద ఆ బొమ్మ అంటించింది నువ్వు కాదూ? అచ్చం మన కారే, నేలని రాసుకుంటూ పోతున్నట్టుండే బొమ్మ. 'నువ్వు పెద్దవాడివయ్యాక మన కారు కూడా దించుదాంరా' అన్నావు. అన్నావా లేదా?"

"అన్నాను రా."

"ఇన్నేళ్లూ ఆ మాట పట్టుకుని ఉన్నా నేను. ఎల్లుండి ఆదివారం ఊళ్లో పాతకార్లన్నీ వరసగా తిరుగుతాయి. నువ్వు ముందు సీట్లో కూర్చుంటావు, నేను నడుపుతా. సీటు మరీ కిందికుంటుందని బెంగపడకు. నేనూ, మన మెకానిక్కు స్పానరూ చెరో రెక్కా పట్టుకుని, పసిపిల్లాణ్ణి కూర్చోబెట్టినట్టు కూర్చోబెడతాం."

అతను ఎంతో ప్రేమగానే అన్నాడు. పెద్దాయన చేతిలో గ్లాసు మాత్రం పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. అది చూసింది కోడలొక్కతే.

"అలాగే రా. నీ ఇష్టం," అన్నారాయన.

"చూశావా? ఆయనకి లేని బాధ నీకెందుకు?" అన్నాడు భార్యతో.

"మీకు ఇంకో గ్లాసు కాఫీ ఇవ్వనా?" అంది కోడలు.

అత్తమామల ఎదుట ఆమె మొగుణ్ణి 'మీరు' అనే అంటుంది. గది తలుపు వేసుకున్నాక 'నువ్వు'. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ నవ్వుకుంటూ పెట్టుకున్న ఏర్పాటది. ఈ పూట ఆ 'మీరు' అతనికి చెంపదెబ్బలా తగిలింది. కుర్చీ వెనక్కి తోసి లేచిపోయాడు.

*

అతను స్నానానికి వెళ్లాక ఆమె పెద్దాయన పక్కన కూర్చుంది.

"చెప్పేయనా మామయ్యా?"

"ఒట్టేశావమ్మా."

"నేను వెయ్యలేదు, మీరు వేయించుకున్నారు. అదీ నేల మీంచి మిమ్మల్ని లేపుతుండగా. కాదంటే మిమ్మల్ని మళ్లీ కింద వదిలేసినట్టుండేది."

ఆయన నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

ఆ ఒట్టు వేయించుకున్న రోజు మధ్యాహ్నం ఆమె భోజనానికని తను పనిచేసే కొట్టునుంచి వచ్చేసరికి, పెద్దాయన తన గదిలో ఒక కురచ స్టూలుకీ మంచానికీ మధ్య పడి ఉన్నారు. దెబ్బేం తగల్లేదు. సిగ్గు మాత్రం చాలా తగిలింది. పక్కన చేతికర్ర పడుంది, దాని మీద ఒకచోట తెల్ల టేపు చుట్టి ఉంది. కారు తలుపు తెరిచి, సీటు దగ్గర కర్ర నిలబెట్టి, ఎంత ఎత్తుందో అక్కడ ఆయన వేసుకున్న గుర్తది. అంత ఎత్తులో కూర్చుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవాలి. అదీ ఆయన పంతం.

కోడలు ఆయన్ని తిట్టలేదు. మర్నాడు ఆయనకి వ్యాయామం నేర్పే అమ్మాయిని విడిగా అడిగింది. ఆపరేషనై ఇన్నాళ్లయింది కాబట్టి మెల్లమెల్లగా ఎత్తు తగ్గించుకుంటూ పోవచ్చు, తొందరపడితే మాత్రం మొదటికే మోసం అందా అమ్మాయి. షెడ్డులో మందపాటి చెక్కలున్నాయి. కారు చక్రాలు వాటి మీదికి ఎక్కిస్తే తప్ప, కుంగిన ఆ కారు కిందికి జాకీ దూరదు. ఆ చెక్కలు కోడలే మోసుకొచ్చి స్టూలు కింద పేర్చింది. లేవడం అలవాటైన కొద్దీ ఒక్కో చెక్కా తీస్తూ వచ్చారు. ఇప్పుడు స్టూలు కింద ఒక్కటే మిగిలింది.

"నన్నెత్తి కూర్చోబెడతాడట," అన్నారు పెద్దాయన. "ఆ కార్లోకి ఇంతవరకూ నన్నెవరూ ఎక్కించలేదమ్మా. నేనే ఎక్కించాను. మీ అత్తయ్యని ఎక్కించాను. పుట్టిన మూడోనాడు వీణ్ణి ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చింది అందులోనే. ఇప్పుడు ఊరందరి ముందూ నన్నో మూటలా..."

"ఆ మాటే ఆయనతో అనండి మామయ్యా. అనేస్తే పోతుంది."

"వాడు దించుతున్నది నా కోసమే కదమ్మా. కోరిక నాది, మోస్తున్నది వాడు. వద్దని ఏ నోటితో అనను? టేపు దాకా దిగి లేవగలిగిన రోజున నేనే చెప్తాను."

"లేవలేకపోతే?"

"అప్పుడింక చెప్పడానికేం ఉండదు."

ఆమెకి కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ దిగమింగి, "ఈలోగా మీ అబ్బాయి దగ్గర గయ్యాళి పేరు నాకు," అంది.

"కాస్త ఓర్చుకో తల్లీ."

*

ఆమె పనిచేసేది స్పేర్ పార్టుల కొట్లో. ఏ బండికి ఏ పార్టో, దాని నెంబరెంతో చూడకుండా చెప్పేస్తుంది కాబట్టి మెకానిక్కులందరికీ ఆమె 'నెంబరమ్మ'. ఇన్నేళ్లలో ఆమె చేతిమీదుగా తప్పు పార్టు వెళ్లలేదు. మొగుడు ఆమెని నమ్మకపోవడానికి అసలు కారణం కూడా అదే. వేరొకరైతే పొరపాటని సరిపెట్టుకునేవాడు.

ఆ రోజు బడికి సెలవు. కొట్టు ఇంకా సర్దుతుండగానే స్ప్రింగుల పెట్టె మోసుకుని దిగాడు. వెనకాలే స్పానర్. చిన్నప్పట్నుంచీ స్నేహితుడు, మెకానిక్కు. వాడి అసలు పేరు వాళ్లమ్మకైనా గుర్తుందో లేదో.

"ఇవి వెనక్కి తీసుకుని పొట్టివి ఇవ్వు," అన్నాడు కౌంటరు మీద పెట్టె దించి.

"లేవు."

"తెప్పించు."

"ఆదివారానికి రావు."

"పోనీ, మర తిప్పి ఎత్తు మార్చుకునే సెట్టు ఉంటుందటగా? స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసి వచ్చేది. పక్క వీధి కొట్లో ఉందట, స్పానర్ చెప్పాడు. అదైతే ఎంత కావాలంటే అంత."

"అంతా ఒట్టిది. అది కూడా చూశాను. చివరి మర దాకా పైకి తిప్పినా, ఇప్పుడున్న ఎత్తుకి ఇంకో అంగుళం కిందే ఆగిపోతుంది."

నోరు జారిందని ఆమెకి వెంటనే తెలిసింది. స్పానర్ తల గోక్కున్నాడు.

"అదేంటి వదినా? ఎవరొచ్చినా అది ఎంత కిందికి దిగుద్దని అడుగుతారు. ఎంత పైకొస్తదని చూసింది నువ్వొక్కదానివే."

మొగుడు ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె బల్ల మీద లేని దుమ్ము తుడవసాగింది.

"చూశావట్రా? నాన్న కారు దిగడం ఈవిడకిష్టం లేదు. ఎందుకో అడుగు, చెప్పదు."

"సర్లేరా, నువ్వు ఆవేశపడకు. పాత స్ప్రింగులున్నాయిగా, ఒకటిన్నర చుట్టు కోసేద్దాం. అరపూట పని," అన్నాడు స్పానర్.

"ఏంటి కోసేది?" ఆమె గొంతు కొట్టంతా వినిపించింది. "కోసిన స్ప్రింగు దాని గిన్నెలో సరిగ్గా కూర్చుంటుందా? చక్రం గోతిలో దిగినప్పుడల్లా వదులై పక్కకి జరుగుతుంది. కారు ఎటు లాగుతుందో నడిపేవాడికే తెలీదు. నీకిది నేను చెప్పాలా?"

"తెలుసు వదినా. ఏదో ఒక్క ఆదివారం, ఊళ్లోనే, మెల్లగా..."

"అందులో కూర్చునేది మామయ్య."

"మామయ్య మీద అంత ప్రేమున్నదానివి ఆయన కోరికెందుకు చెడగొట్టావు?" అన్నాడు మొగుడు. "ఒక్క కారణం చెప్పు. ఒకే ఒక్కటి. కోయడం ఇక్కడే మానేస్తా."

ఆయిల్ ఫిల్టర్ కోసం వచ్చిన లారీ డ్రైవరొకడు వాళ్లిద్దర్నీ మార్చి మార్చి చూసి, "నేను టీ తాగొస్తానమ్మా," అని మెల్లగా జారుకున్నాడు.

ఆమె పరిస్థితి కక్కలేక మింగలేక అన్నట్టుంది. ఒక్కమాట చాలు, స్ప్రింగుల గొడవ తీరిపోతుంది. ఆ మాట చెప్తే మామగారు పడిన కష్టమంతా జాలి కింద మారిపోతుంది. అందరూ చుట్టూ మూగి చేతులు పట్టుకుంటారు.

"చెప్పలేను."

"చెప్పలేవా, చెప్పవా?"

"నీకెలా అనిపిస్తే అలా అనుకో."

"నాకేమనిపిస్తుందో చెప్పనా? ఆస్పత్రిలో నాన్న దగ్గర నువ్వున్నావు. నాకు పరీక్షల డ్యూటీలు. అప్పట్నుంచి నాన్న నీ సొత్తయిపోయాడు. నీళ్లు కావాలన్నా నిన్నే పిలుస్తాడు. నేనొస్తే మీరిద్దరూ మాటలాపేస్తారు. ఆయనకి నేనొక్క పని చేసిపెడదామంటే అదీ నువ్వు సాగనివ్వవు."

ఆ మాటలో ఎంతో కొంత నిజం ఉంది. అందుకే ఆమెకి అంత బాధేసింది.

"నేనలా అనుకోలేదురా," అంది చాలా మెల్లగా. పెళ్లికి ముందు ఎప్పుడో అన్న 'రా' అది. అతనికి వినిపించినట్టు లేదు. పెట్టె అక్కడే వదిలేసి స్పానర్ని వెంటేసుకుని వెళ్లిపోయాడు.

*

చేతిలో పని వదిలేసి ఆమె ఇంటికి చేరేసరికి షెడ్డు తలుపులు బార్లా తీసున్నాయి. ఎర్ర కారు సగం బయటికి తోసి ఉంది. ముందు వైపు కుంగి, అలిగినదానిలా ముఖం నేలకేసుకుని ఉంది. స్పానర్ నేల మీద పడుకుని దాని కిందికి జాకీ దూర్చాలని చూస్తున్నాడు.

"ఇది దూరదురా. చెక్కలు కావాలి. ఏవీ, ఎప్పుడూ ఇక్కడే ఉండేవి?"

"అమ్మా! ఇక్కడ చెక్కలుండాలి, చూశావా?"

"నీ చెక్కలు నేనేం పొయ్యిలో పెట్టలేదు నాయనా," అన్నారు అత్తగారు వంటింటి కిటికీలోంచి.

కొడుకు గోడవార చూశాడు, అటక మీద చూశాడు. చివరికి గేటు దగ్గర నిలబడ్డ భార్యని చూశాడు.

"అవి కూడా నువ్వే దాచావా?"

అతను కసికొద్దీ అన్న మాటే అది. ఆమె గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకోలేదు గానీ, ఆమె చూపు ఒక్క క్షణం పెద్దాయన గది కిటికీ మీదికి పోయి వచ్చింది. పరీక్ష హాల్లో పిల్లల చూపులు పట్టుకోవడం అతనికి రోజూ ఉన్న పనే. ఇంట్లోకి నడిచాడు.

"ఆగండి, నేను చెప్తాను," అంటూ ఆమె వెనకాలే పరిగెత్తింది. అప్పటికే అతను తలుపు తోసేశాడు.

పెద్దాయన మంచం అంచున కూర్చుని ఉన్నారు. ఎదురుగా కురచ స్టూలు, దాని కింద ఒక చెక్క. మిగిలినవి మంచం కింద వరసగా పేర్చి ఉన్నాయి. చెక్క మీద టైరు నలుపు ఇంకా పోలేదు.

"ఇవిక్కడెందుకున్నాయి నాన్నా?"

"కావాలా? తీసుకో. నీ కారుకేగా."

అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి స్టూలు చూశారు, మొగుణ్ణి చూశారు. ఆవిడ ముఖం తెల్లబోయింది.

"దీని మీద కూర్చుంటున్నారా మీరు? ఎత్తు తక్కువవి వద్దని డాక్టరు మొత్తుకుంటే దీని మీదా? ఎన్నాళ్ల నుంచి సాగుతోందీ బాగోతం? పడితే ఎవరు చూస్తారు?"

"కోడలు చూసింది," అన్నారాయన.

కొడుకు వంగి చెక్క పట్టుకుని, స్టూలు కిందినుంచి లాగాడు. స్టూలు నేల మీదికి దిగింది. పెద్దాయన చేతికర్ర తీసి దాని పక్కన నిలబెట్టారు. తెల్ల టేపూ, స్టూలు అంచూ సమానంగా వచ్చాయి.

ఆ ఎత్తు కొడుక్కి తెలుసు. నెలరోజులుగా కొలత టేపు పట్టుకుని ఆ కారు చుట్టూ తిరుగుతున్నాడు. నేలకీ సీటుకీ మధ్య ఎంతో, తలుపు కిందెంతో, చక్రం పైనెంతో అన్నీ అతని నోటి మీదే ఉన్నాయి. కర్ర వంక చూశాడు. చేతిలో చెక్క వంక చూశాడు. అది సరిగ్గా రెండంగుళాల మందం.

"ఇది మన కారు సీటు ఎత్తు కదా నాన్నా," అన్నాడు.

"ఇప్పుడున్న ఎత్తు. ఇందులోంచి రెండంగుళాలు తీసేస్తే ఎంతో నువ్వే చెప్పాలి. లెక్కల మాస్టారివి."

కొడుకు గుమ్మంలో ఉన్న భార్య వంక తిరిగాడు. పొద్దుట్నుంచీ తను అన్న మాటలన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డట్టు నిలబడ్డాడు. ఆమె 'ఇప్పుడు తెలిసిందా' అన్నట్టు చూడలేదు. ఆమె కళ్లు మామగారి మోకాళ్ల మీదే ఉన్నాయి.

ఎందుకంటే ఆయన మంచం మీంచి జరిగి, కర్ర ఊతంతో నెమ్మదిగా స్టూలు మీదికి దిగుతున్నారు. చెక్క లేని స్టూలు మీదికి. అంత కిందికి ఇంతవరకూ ఒంటరిగా దిగింది ఒక్కసారే. ఆ రోజే పడ్డారు.

"ఏవండీ!" అన్నారు అత్తగారు.

ఆయన కూర్చున్నారు. కర్ర పక్కన పెట్టేశారు. ఊపిరి తీసుకుని, పాదాలు దగ్గరికి లాక్కుని, ముందుకి వంగారు. నుదుటి మీద నరం ఉబ్బింది. లేవబోయి, సగంలోనే వెనక్కి పడిపోయారు. స్టూలు కిర్రుమంది.

"నాన్నా! ఉండు, నేను పట్టుకుంటా!"

కొడుకు రెండు చేతులూ చాచి ముందుకి దూకాడు. కోడలు అడ్డం వచ్చి అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఆగు. ముట్టుకోకు."

అత్తమామల ఎదుట ఆమె అతన్ని ఏకవచనంలో అనడం అదే మొదలు. అత్తగారు కూడా విన్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

కొడుకు చెయ్యి విడిపించుకోవచ్చు. ఆమె కంటే అతనికి బలం ఎక్కువ. అయినా అలాగే నిలబడిపోయాడు.

"ఒరేయ్, చెక్కలు దొరికాయా లేదా?" షెడ్డులోంచి స్పానర్ కేకేశాడు.

పెద్దాయన కొడుకు ముఖంలోకి ఒక్కసారి చూసి, మోకాళ్ల మీద అరచేతులు ఆన్చి, మళ్లీ ముందుకి వంగారు. ఆయనకీ స్టూలుకీ మధ్య వేలెడు సందు కనిపించింది.